‘ష్యూర్ థింగ్’ నాటికలో నవ్వు రావట్లేదంటే గంట చూడండి

ఈ నాటిక వేస్తున్న ఒక బృందం వాళ్లు, నటులకు డైలాగులన్నీ వచ్చినా ఎవరూ నవ్వట్లేదన్నారు. తప్పు నటులది కాకపోవచ్చు, గంటది. అమెరికన్ నాటక రచయిత డేవిడ్ ఐవ్స్ రాసిన 1988 నాటి ఈ నాటికలో, కెఫేలో కలిసిన బిల్, బెట్టీ అనే ఇద్దరు అపరిచితుల మాట బెడిసికొట్టినప్పుడల్లా గంట మోగి సంభాషణ మళ్లీ మొదలవుతుంది.

1. గంట కొట్టే మనిషిని మొదటి రోజు నుంచే రిహార్సల్‌కి పిలవండి. అందరూ వదిలేసేది ఇదే. ఆఖరి రోజు ఎవరో ఒకరి చేతికిస్తే అర సెకను ఆలస్యం, అక్కడే నవ్వు చల్లారిపోతుంది. నోరు జారిన మాట చివరి అక్షరం మీదే టింగ్‌మనాలి.

2. గంట మోగాక ఇద్దరికీ ఏమీ గుర్తుండకూడదు. కుర్చీ ఖాళీయేనా అని బిల్ అడిగే ప్రతిసారీ మొదటిసారిలాగే అడగాలి. గంట వైపు చూపు వద్దు.

3. ఫోన్‌లో రికార్డు చేసిన గంట వద్దు, నొక్కేసరికి లేటు. హోటల్ కౌంటర్ మీద ఉండే చేతి గంట చాలు.