ఎలుకల్లో లంగ్ ఫైబ్రోసిస్ తగ్గిందంటే మనకూ మందు వచ్చేసినట్టేనా?

మీ నాన్నగారికి ఐపీఎఫ్ అని తేలిందన్నారు. కారణం తెలియకుండా ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే జబ్బు అది. ఆ మచ్చకట్టడాన్నే ఫైబ్రోసిస్ అంటారు. ఏదో కొత్త మందుతో ఎలుకల్లో పూర్తిగా నయమైందని వార్త చూశారు, మనదాకా ఎప్పుడొస్తుందని అడిగారు. నేను డాక్టర్ని కాదండి. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో నాలుగేళ్లు ఇదే జబ్బును ఎలుకల్లో తెప్పించి మందులు పరీక్షించే పని చేశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ఎలుకకు ఐపీఎఫ్ దానంతట అది రాదు, మేమే తెప్పిస్తాం. అందుకు ఎక్కువగా వాడేది బ్లియోమైసిన్. హాడ్జ్‌కిన్ లింఫోమా లాంటి క్యాన్సర్లకు మనుషులకిచ్చే మందే ఇది. కొందరు పేషెంట్లలో ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. ఆ సైడ్ ఎఫెక్టునే ల్యాబులు పనికి తెచ్చుకున్నాయి.

పాతిక గ్రాముల ఎలుకకు మత్తిచ్చి, ఏటవాలు పలక మీద పైపళ్లకు దారం తగిలించి ఆనిస్తాం. నాలుకను మెల్లగా పక్కకు లాగి పట్టుకుని గొంతు వెనక 50 మైక్రోలీటర్లు, అంటే ఒక్క చుక్క, వదిలి ముక్కు మూస్తాం. ఊపిరి లాగినప్పుడు చిన్నగా టిక్‌మని వినిపిస్తే చుక్క లోపలికి వెళ్లినట్టు. వినిపించకపోతే బహుశా మింగేసినట్టే. నాకు చేయి కుదరడానికి మూడు నెలలు పట్టింది. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న సంఖ్య దాటకూడదు కాబట్టి, మొదట్లో నేను పాడుచేసినవాటికి బదులు వేరేవి రాలేదు.

ఆ తర్వాత మొదటి వారం అంతా వాపు. రెండో వారం నుంచి మచ్చ కట్టడం మొదలై 14 నుంచి 21 రోజుల మధ్య బాగా ముదురుతుంది. మామూలు ఊపిరితిత్తి లేత గులాబీ రంగులో, స్పాంజిలా ఉంటుంది. జబ్బుపడినది పాలిపోయిన మచ్చలతో వేలికి గట్టిగా తగులుతుంది. స్లైడ్ మీద మాసన్ ట్రైక్రోమ్ రంగులు వేస్తే మచ్చలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ నీలంగా కనిపిస్తుంది.

నా మొదటి ప్రయోగంలో మందును బ్లియోమైసిన్ వేసిన రోజు నుంచే ఇచ్చాను. 21వ రోజు స్లైడ్లలో నీలం దాదాపు లేదు! ల్యాబ్‌లో అందరికీ స్వీట్లు కూడా పంచాను. మా గైడ్ స్లైడ్లన్నీ చూసి ఒకటే మాట అన్నారు: "పదో రోజు నుంచి ఇచ్చి చూడమ్మా." ఇచ్చాను. మందు తీసుకున్నవాటికీ తీసుకోనివాటికీ తేడా లేదు. నేను మొదటిసారి ఆపింది వాపుని, మచ్చని కాదు. మీ నాన్నగారు ఆస్పత్రికి వెళ్లేసరికే మచ్చ పడిపోయి ఉంది కదా.

ఇంకో చిక్కు ఉంది. ఒక బ్యాచ్‌ని ఆరు వారాలు ఉంచితే మందు ఇవ్వని ఎలుకలు కూడా చాలావరకు కోలుకున్నాయి. మేం వాడేవి ఎనిమిది, పది వారాల కుర్ర ఎలుకలు. ఐపీఎఫ్ ఎక్కువగా వచ్చేది అరవై దాటినవాళ్లకి, అది వెనక్కి పోదు. ముసలి ఎలుకల్లో మచ్చ అంత తేలిగ్గా తగ్గదు గానీ, ఏడాదిన్నర వాటిని పెంచాలంటే ఖర్చు, ఓపిక రెండూ కావాలి. పైగా జాతిని బట్టి కూడా మారుతుంది. బ్లాక్ 6 అనే నల్ల ఎలుకల్ని మంచాన పడేసే డోస్‌కి తెల్ల బాల్బ్-సీ ఎలుకలు పెద్దగా లొంగవు.

బ్లడ్ క్యాన్సర్‌కి వాడే ఇమాటినిబ్ సంగతే చూడండి. బ్లియోమైసిన్ ఎలుకలకు మొదట్లోనే ఇస్తే ఫైబ్రోసిస్ తగ్గింది, ఆలస్యంగా మొదలుపెడితే తగ్గలేదు. 119 మంది ఐపీఎఫ్ పేషెంట్ల మీద చేసిన ట్రయల్ ఫలితం 2010లో వచ్చింది. ఉపయోగం కనిపించలేదు.

అలాగని ఎలుకల పని దండగ అనను. అమెరికాలో 2014 అక్టోబర్‌లో ఒకే రోజు అనుమతి పొందిన పిర్‌ఫెనిడోన్, నింటెడానిబ్ కూడా జంతువుల్లో ఇదే బ్లియోమైసిన్ పరీక్ష దాటినవే. కాకపోతే అక్కడ కనిపించినంత మనిషిలో కనిపించదు. నింటెడానిబ్ ట్రయల్స్‌లో ఒకదానిలో, ఊదే పరీక్షలో కొలిచే ఎఫ్‌వీసీ (గట్టిగా ఊదితే బయటికొచ్చే మొత్తం గాలి), ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకి ఏడాదికి సుమారు 240 మి.లీ. పడిపోతే, మందు తీసుకున్నవాళ్లకి 115 దగ్గర ఆగింది. జబ్బు నెమ్మదించింది, నయం కాలేదు.

మిగతా ఊపిరితిత్తుల జబ్బుల్లోనూ ఇదే గొడవ. సీఓపీడీ (ఎక్కువగా పొగతాగేవాళ్లకి వచ్చే, ఊపిరి ఆడనివ్వని జబ్బు) కోసం ఎలుకలకు ఆరు నెలలు సిగరెట్ పొగ పట్టించినా వచ్చేది ఓ మోస్తరు ఎంఫిసీమానే, అంటే ఊపిరితిత్తుల్లోని గాలి గదులు దెబ్బతినడమే. కఫం, దగ్గు లాంటివి వాటిలో చూడలేం. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని పుట్టుకతో వచ్చే, ఊపిరితిత్తుల్లో జిగట కఫం పేరుకునే జబ్బు ఉంది. దాని జన్యులోపంతో 1992లో ఎలుకల్ని తయారుచేస్తే, వాటికి మనుషుల్లాంటి ఊపిరితిత్తుల జబ్బే రాలేదు. తర్వాత పందుల్లో చేస్తే వచ్చింది.

మీరు అడిగిన "ఎప్పుడు"కి వస్తే, ఎలుకల దశలో ఉన్న మందు అన్నీ కలిసొచ్చినా షాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు ఆ వార్త చూసి డాక్టర్ రాసిన మందులు మాత్రం ఆపించకండి. కడుపు తిప్పడం, విరేచనాలు లాంటి ఇబ్బందులుంటే డాక్టర్‌కే చెప్పండి, డోస్ సర్దుతారు. వార్తలో అసలు పరిశోధన పేపర్ పేరు ఉంటే ఇక్కడ పెట్టండి. మందు ఎన్నో రోజు మొదలుపెట్టారో, ఎలుకల వయసెంతో చూసి చెప్తాను.