పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఓల్మోస్ నటప్రస్థానం

ప్రశ్న: ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈమధ్య మా అమ్మాయి ‘స్టాండ్ అండ్ డెలివర్’ అనే పాత అమెరికన్ సినిమా చూపించింది. అందులో లెక్కల మాస్టారుగా వేసినాయన వృత్తిరీత్యా నటుడంటే నమ్మబుద్ధి కాలేదు. ఆయన ఎవరు? నాటకరంగం నుంచి వచ్చారంటారు, నిజమేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: నిజమే, మాస్టారూ. ఆయన పేరు ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్. 1947లో లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ సంతతి కుటుంబంలో పుట్టి, యౌవనంలో రాక్ బ్యాండులో పాటలు పాడి, ఆ తర్వాత నటన వైపు వచ్చారు. ఆయనకు పేరు తెచ్చినది సినిమా కాదు, 1978లో లాస్ ఏంజెలెస్‌లోని మార్క్ టేపర్ ఫోరమ్‌లో ప్రదర్శించిన ‘జూట్ సూట్’ నాటకం. దాన్ని రాసి, దర్శకత్వం వహించిన లూయిస్ వాల్దెజ్ 1965లో కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీల సమ్మెలో, ఆ కూలీలతోనే నాటకాలు ఆడించిన మనిషి.

ఆ నాటకం వెనుక ఉన్న చరిత్ర తెలిస్తేనే ఓల్మోస్ చేసిన పని విలువ తెలుస్తుంది. భుజాల దగ్గర దళసరిగా, మోకాళ్ల వరకు వేలాడే కోటు, చీలమండల దగ్గర బిగుసుకునే వదులు ప్యాంటు, పొడవాటి గొలుసు, ఈ వేషమే జూట్ సూట్. అది వేసుకుని తిరిగే మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లను ‘పచూకో’లనేవారు. 1942లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఒక హత్యకు సంబంధించి పదిహేడు మంది కుర్రాళ్లకు సరైన సాక్ష్యం లేకుండానే శిక్ష వేశారు. 1944లో పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఈ మధ్యలో, 1943 జూన్‌లో, నావికులూ సైనికులూ వీధుల్లో పడి ఆ దుస్తుల్లో కనిపించిన వారినల్లా కొట్టి, బట్టలు ఊడదీశారు. నగరంలోని పత్రికలు చాలావరకు ఆ కుర్రాళ్లనే రౌడీలుగా చిత్రించాయి.

నాటకం ప్రారంభంలో తెర స్థానంలో ఒక పెద్ద వార్తాపత్రిక మొదటి పేజీ వేలాడుతూ ఉంటుంది. వెనకనుంచి ఒక చాకు మొన దాన్ని పొడుచుకుని వచ్చి, పైనుంచి కిందికి మెల్లగా చీలుస్తుంది. ఆ చీలికలోంచి ఎల్ పచూకో అనే పాత్ర బయటికి వచ్చి, తొందరేమీ లేకుండా కాలరు, కఫ్‌లు సరిచేసుకుని, జుట్టు సవరించుకుని, అప్పుడు ప్రేక్షకుల వైపు చూస్తాడు. ఆ పచూకోయే ఓల్మోస్. ఒకరకంగా ఆయన మన నాటకాల్లోని సూత్రధారి వంటివాడు: చిటిక వేస్తే కథ ఆగుతుంది, మళ్లీ వేస్తే సాగుతుంది. తర్వాత అదే పాత్రను సైనికులు వీధిలో పట్టుకుని బట్టలు లాగేసినప్పుడు, ఒంటిమీద గోచీతో మిగిలిన ఆ మనిషి మెల్లగా లేచి నిలబడే దృశ్యం నేను సినిమా రూపంలోనే చూశాను, అయినా ఇప్పటికీ కళ్లముందు ఉంది. లాస్ ఏంజెలెస్‌లో జనం విరగబడి చూసిన ఆ నాటకం 1979లో న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేకి వెళ్లి అక్కడ ఎక్కువ రోజులు నిలవలేదు గాని, ఓల్మోస్‌కు అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డు నామినేషన్ తెచ్చింది. 1981లో వాల్దెజే దాన్ని సినిమాగా తీశారు.

ఇక మీరు చూసిన 1988 నాటి సినిమా. అందులోని మాస్టారు హైమే ఎస్కలాంటే నిజంగా ఉన్న మనిషి, బొలీవియా నుంచి వలస వచ్చిన లెక్కల మాస్టారు. తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో ఆయన శిష్యులు 1982లో పద్దెనిమిది మంది కాలిక్యులస్ పరీక్ష నెగ్గితే, పరీక్ష నిర్వాహకులు అనుమానించి పద్నాలుగు మందిని మళ్లీ రాయమన్నారు. పన్నెండు మంది రాశారు, పన్నెండు మందీ నెగ్గారు. ఈ పాత్ర కోసం ఓల్మోస్ బరువు పెరిగి, జుట్టు పలచన చేయించుకున్నారు. బెదిరించడానికి వచ్చిన విద్యార్థికి వేళ్ల మీద తొమ్మిదో ఎక్కం చెప్పే సన్నివేశం మీకు గుర్తుండే ఉంటుంది. తొమ్మిది మూళ్లు కావాలంటే మూడో వేలు మడిస్తే ఇటు రెండు, అటు ఏడు మిగులుతాయి, అంటే ఇరవై ఏడు. పాఠం చెబుతూనే ఎదుటివాడి కోపాన్ని దించే ఆ ఒడుపు తరగతి గదిలో నిలబడినవారికే తెలుస్తుంది. మీకు ఆయన నటుడిలా కనిపించకపోవడం ఆయనకు దక్కిన గొప్ప ప్రశంస. ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది ఈ పాత్రకే.

ప్రశ్న: నేను పరిషత్తు నాటకాలు ఆడుతుంటాను. రంగస్థలం మీద అలవాటైన నటన కెమెరా ముందు అతిగా కనిపిస్తుందంటారు. ఓల్మోస్ దాన్ని ఎలా అధిగమించారు?
– ఒక రంగస్థల నటుడు, గుంటూరు

జవాబు: కదలికను తగ్గించి. పచూకోగా నడుము వెనక్కి వంచి చివరి వరుసకూ కనిపించేలా నిలబడిన మనిషే, 1984లో మొదలైన ‘మయామీ వైస్’ టీవీ ధారావాహికలో లెఫ్టినెంట్ కాస్టీయోగా గొంతు పెంచకుండా, ముఖంలో కండరం కదలనీయకుండా నటించి 1985లో టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డు గెలుచుకున్నారు. అయితే రంగస్థలం నేర్పిన ఒక విషయాన్ని ఆయన వదలలేదు, అది మాట మీద శ్రద్ధ. 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’లో తనది చిన్న పాత్రే అయినా, దానికోసం హంగేరియన్, జపనీస్, జర్మన్ వంటి భాషల ముక్కలతో ఒక వీధి భాషను తయారుచేసుకున్నారు.

ఆయన సినిమాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది రాబర్ట్ యంగ్ దర్శకత్వంలోని ‘ద బ్యాలడ్ ఆఫ్ గ్రెగోరియో కోర్టెజ్’. 1901లో టెక్సస్‌లో జరిగిన కథ. గుర్రాన్ని మార్చుకున్నావా అని షెరిఫ్ (అక్కడి పోలీసు అధికారి) తరఫున దుబాసీ అడిగితే, కోర్టెజ్ లేదన్నాడు, ఎందుకంటే అతను మార్చుకున్నది ఆడగుర్రం. స్పానిష్‌లో రెండిటికీ వేర్వేరు మాటలు. మన పాత తెలుగులో ‘గోడిగ’ అన్నట్టు. దుబాసీకి ఆ తేడా తెలియక అబద్ధమాడుతున్నాడని చెప్పాడు. తుపాకులు పేలి ఇద్దరి ప్రాణాలు పోయాయి. సినిమాలో కోర్టెజ్ స్పానిష్‌లోనే మాట్లాడతాడు, జైలులో మరో దుబాసీ వచ్చేవరకు ఆ భాష రాని ప్రేక్షకుడికి అసలు సంగతి తెలియదు. ఓల్మోస్ ముఖంలోని అయోమయాన్నీ అలసటనూ చూస్తూ మనమూ అతన్ని అనుమానిస్తూ ఉంటాం. మీకు దొరికితే తప్పక చూడండి. స్పానిష్ మాటలకు సబ్‌టైటిల్స్ రాకపోతే ప్రతి పాడైందనుకోవద్దు, అది కావాలనే అలా తీశారు.