‘మరుగుమందు పెట్టింది’ అంటున్న అత్త

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. పెళ్లయి రెండేళ్లు. మా ఆయన బట్టల అంగట్లో పని చేస్తారు, జీతం తెచ్చి నా చేతికిస్తారు. దాంతో మా అత్త ‘మొగుడు తన మాటే వినాలని నా కొడుక్కు మరుగుమందు పెట్టింది’ అని వీధంతా చెబుతోంది. మూడు నెలలుగా ఆయనకు కడుపునొప్పి. పెట్టుడు మందు కక్కించే మనిషి దగ్గరికి తీసుకుపోతానంటోంది. మొన్న నేను వడ్డించిన సంగటి ముద్ద తీసేసి, తానే ఇంకోటి పెట్టింది. ఆయన ఏమీ అనలేదు.

జవాబు: అమ్మా, ఆ సంగటి ముద్ద సంగతి చదివి చాలా బాధేసింది. వండి పెట్టే చేతినే అనుమానిస్తే ఏ ఆడపిల్ల తట్టుకుంటుంది?

ముందు కడుపునొప్పి చూడండి. అల్సర్ కావచ్చు, పిత్తాశయంలో రాళ్లు కావచ్చు, పరీక్ష చేస్తేగానీ తెలియదు. కక్కించేవాళ్లు ఏదో ఆకుపసరు తాగించి వాంతి చేయిస్తారు, చేతిలో దాచుకున్న ఉండ చూపించి ‘ఇదే మందు’ అంటారు. పుండు పడిన కడుపుతో అలా వాంతి చేయిస్తే ప్రాణం మీదికి రావచ్చు. దీనికి మాత్రం ఒప్పుకోకండి.

ఇక ‘మరుగుమందు’ అన్న ఆ మాట. మరగడం చెడ్డదేం కాదు. దూడ చేతికి మరిగిందంటాం, పిల్లోడు అవ్వకు మరిగినాడంటాం. చనువు, అలవాటు, మక్కువ అన్నీ అందులో ఉన్నాయి. పక్కన ‘మందు’ చేరితేనే అది నింద. మీ ఆయన ఇన్నేళ్లూ వాళ్లమ్మ చేతికి మరిగినవాడే. జీతం మీ చేతికి రాగానే ఆమెకు భయం పట్టుకుంది. ఆ భయం నిజమైనదే, నింద మాత్రం అన్యాయం.

భారతం అరణ్యపర్వంలో సత్యభామ ద్రౌపదిని ఇదే అడుగుతుంది: భర్తలు నీ మాట వింటున్నారు, మంత్రమా, మందా అని. ద్రౌపది నొచ్చుకుంటుంది. మందు పెడితే మగవాడికి రోగాలొస్తాయని, ఆ సంగతి తెలిస్తే ఇంట్లో పాముందన్నట్టు బతుకుతాడని అంటుంది. పాండవుల రాబడి, ఖర్చు తనకే తెలుసనీ చెబుతుంది. ఇంటి లెక్క చూసుకునే ఇల్లాలిపై అనుమానం ఈనాటిది కాదు తల్లీ.

వాళ్లమ్మతో మాట్లాడాల్సింది మీరు కాదు, మీ ఆయన. ఆమె ఎదురుగానే మీ చేతి ముద్ద తినాలి. ‘జీతం ఇస్తున్నది నేను, ఆమె అడగలేదు’ అని చెప్పాలి. నెలనెలా కొంత తన చేత్తోనే తల్లికి ఇవ్వాలి. అయినా వేధింపు ఆగకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. సూటిపోటి మాటలతో హింసించడం కూడా 2005 గృహహింస చట్టం కిందికి వస్తుంది.

డాక్టరు దగ్గరికి మీ అత్తనూ వెంటబెట్టుకుని వెళ్లండి. నొప్పి ఎందుకొచ్చిందో ఆమె డాక్టరు నోటే వినాలి.