కోడలి తిండి సంగతి

ఒరేయ్ చిన్నా, నువ్వు వాట్సాప్ లో పంపిన లింకులు చూశాన్రా, పాలు మానెయ్యాలి గోధుమలు మానెయ్యాలి అని, అవన్నీ ముందు పక్కన పెట్టు. ఫలానాది తింటే ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, అదే కోడలికున్న నరాల జబ్బు) పోతుందని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఇదే జబ్బున్న మీ పెదనాన్నకి ఇన్నేళ్ళుగా నేను పెడుతున్నది మామూలు ఇంటి తిండే, పప్పు, ఆకుకూర, పెరుగు, దొరికిన రోజు చేపలు, వేపుళ్ళు మాత్రం తగ్గించా.

అసలు ఇబ్బంది ఓపిక దగ్గర వస్తుంది. పొద్దున ఉన్న ఓపిక సాయంత్రానికి ఉండదు, పైగా ఒంటికి వేడి తగిలితే కాళ్ళు బరువెక్కుతాయి, చూపు కూడా మసకేస్తుంది, అందుకని ఎండాకాలం అమ్మాయిని స్టవ్ దగ్గర నిలబెట్టకు. కూరలు రాత్రే నువ్వు తరిగి ఫ్రిజ్ లో పెట్టు, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే వంట కానిచ్చెయ్, తను చేస్తానంటే గట్టు పక్కన ఎత్తు స్టూల్ వెయ్యి.

బాత్రూమ్ కి పరిగెత్తాల్సొస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు చూడు, దాంతో మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్, జ్వరమొస్తే పాత తిమ్మిర్లన్నీ మళ్ళీ లేస్తాయి. పగలంతా కొంచెం కొంచెం తాగించు, పడుకునే ముందు తగ్గించు.

ఇంకోటి, తినేటప్పుడు పొలమారుతోందేమో గమనించు. పెదనాన్నకి ముద్దపప్పన్నం సాఫీగా దిగేది, దగ్గంతా చారన్నం దగ్గరే, చారేమో ముందు జారిపోతుంది మెతుకులు నోట్లోనే ఉంటాయి కదా. ఇప్పుడు అన్నం మెత్తగా పిసికి చారు కొంచెమే కలుపుతా, పోపులో శనగపప్పు వెయ్యను, టీవీ కట్టేసి నిటారుగా కూర్చుని తింటారు (క్రికెట్ ఉన్న రోజు గొడవే అనుకో). అలాంటిదేమన్నా కనిపిస్తే న్యూరాలజిస్ట్ కి చెప్పు, స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపిస్తారు, మింగడం ఎలా ఉందో చూసేది వాళ్ళే.

విటమిన్ డి, బి12 టెస్టులు చేయించు. ఆ విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి అని రాస్తే రోజూ వేసుకునేవాళ్ళున్నారు, ఒంట్లో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్ ఎక్కించిన రోజుల్లో ఆకలి ఎక్కువవుతుంది, షుగర్ కూడా పెరగొచ్చు, అప్పుడు స్వీట్లు, ఆవకాయ, అప్పడాలు కాస్త దూరం పెట్టు.

ఇమ్యూనిటీ పెంచుతాయని తిప్పతీగ కషాయాలు ఎవరిచ్చినా దండం పెట్టి అటక మీద పడెయ్. మన ఇమ్యూనిటీయే నరాల మీది పొరని పాడుచేసే జబ్బుకి దాన్ని ఇంకా ఎగదోస్తార్రా ఎవరైనా? తిప్పతీగతో లివర్ పాడైనవాళ్ళూ ఉన్నారు.

రిపోర్టులు రాగానే ఫోటో పెట్టు, డోసు మాత్రం డాక్టర్ చెప్పిందే.