ఈసీజీ బాగానే ఉందన్నారు, మరి ఈ ప్రాణభయం ఏమిటి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే బాధ గురించి, మనిషిని వదలని ఆందోళన గురించి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 34. అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. కొన్ని నెలల కిందట మీటింగ్‌లో కూర్చుని ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు. వేళ్ల చివర్లు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కాయి. ఇక అయిపోయాను అనుకున్నాను. ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. ఈసీజీ, రక్తపరీక్షలు, తర్వాత గుండె స్కానింగ్ ఎకో... అన్నీ నార్మల్. ‘మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి’ అని పంపేశారు. ఆ తర్వాత ఇంకా ఐదారుసార్లు అలాగే వచ్చింది. ఇప్పుడు లిఫ్ట్ ఎక్కడం మానేశాను. మీటింగ్‌లో తలుపు పక్క కుర్చీ దొరకకపోతే వణుకు. బ్యాగులో నీళ్ల సీసా లేకుండా గడప దాటను. వాచీలో పల్స్ చూసుకుంటూనే ఉంటాను. నాకేం లేకపోతే ఇదంతా ఏమిటి? నలుగురిలో స్పృహ తప్పి పడిపోతే?

జవాబు: గుండెకు ఏమీ లేదమ్మా. మీకు ఏమీ లేదనడం మాత్రం సరికాదు. ఈ రెండు మాటలకూ తేడా చెప్పకుండా ఇంటికి పంపేయడం వల్ల ఎంతమంది ఏళ్ల తరబడి స్కానింగుల చుట్టూ తిరుగుతున్నారో నేను రోజూ చూస్తున్నాను. అందుకే ముందు పేరు చెబుతాను. మీరు రాసింది పానిక్ ఎటాక్. కారణం కనబడకుండా అది పదేపదే రావడం, మళ్లీ వస్తుందేమోనన్న భయం నెలకు పైగా వెంటాడడం, ఆ భయంతో అలవాట్లు మార్చుకోవడం, ఇవన్నీ కలిస్తే దాన్ని పానిక్ డిజార్డర్ అంటాం. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1980లో తెచ్చిన వర్గీకరణలో దీన్ని విడి జబ్బుగా చేర్చారు. అంతకు ముందు దీన్నీ, ఎప్పుడూ వెంటాడే ఆందోళననూ ఒకే గాటన కట్టేవారు. ఖాయంగా చెప్పాలంటే డాక్టర్ మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. థైరాయిడ్ పరీక్ష అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే చేయించండి, థైరాయిడ్ ఎక్కువైనా దడ, వణుకు ఇలాగే ఉంటాయి.

ఇక ఆ మీటింగ్‌లో ఏం జరిగిందో చూద్దాం. ఎదురుగా ప్రమాదం ఉంటే పరిగెత్తడానికో, ఎదిరించడానికో శరీరం సిద్ధమవుతుంది. మెదడు హెచ్చరిస్తుంది, అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, ఊపిరి జోరందుకుంటుంది. మీ విషయంలో ఈ ఏర్పాటంతా ప్రమాదం లేకుండానే మొదలైంది. మీరు కుర్చీలో కదలకుండా కూర్చునే ఉన్నారు, ఊపిరి మాత్రం పరుగు తీసినట్టు ఆడింది. అవసరానికి మించి వేగంగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో తల తేలిపోతుంది, వేళ్లూ పెదవులూ తిమ్మిరెక్కుతాయి, ఛాతీ బిగుసుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, గాలి ఎక్కువై వచ్చిన ఈ లక్షణాలన్నీ మనిషికి గాలి చాలనట్టే అనిపిస్తాయి. దాంతో ఇంకా గట్టిగా పీలుస్తాం. అవి ఇంకా పెరుగుతాయి.

ఇది మాటలతో చెబితే చాలామంది నమ్మరు. నా గదిలో ఒక పని చేయిస్తాను. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ లేవని, గర్భిణి కాదని రూఢి చేసుకున్నాక పేషెంటును కుర్చీలో కూర్చోబెట్టి, నేనూ ఎదురుగా కూర్చుని, ఒక నిమిషం పాటు ఇద్దరం నోటితో గబగబా ఊపిరి తీస్తాం. సగం నిమిషం దాటేసరికి వాళ్ల చేయి కుర్చీ అంచును పట్టుకుంటుంది. నిమిషం అయ్యాక ‘ఏమనిపిస్తోంది?’ అని అడుగుతాను. ‘అదేనండీ, అచ్చం అదే వచ్చింది’ అంటారు. కాసేపటికి ఊపిరి దానంతటదే సర్దుకుంటుంది, తిమ్మిర్లు పోతాయి. ఇన్నాళ్లూ చావు అనుకున్నదాన్ని కావాలని తెచ్చుకోవచ్చని, అది వచ్చి పోతుందని ఆ కుర్చీలోనే తెలుస్తుంది. మందుల చీటీ కంటే ఈ ఒక్క నిమిషానికి విలువ ఎక్కువని నా నమ్మకం. దీన్ని ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించవద్దు. చికిత్స చేసేవారి దగ్గర మొదలుపెట్టండి.

బ్రిటన్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ఈ సుడిని స్పష్టంగా వివరించారు. ఒంట్లో వచ్చిన చిన్న మార్పును ముంచుకొస్తున్న ప్రమాదంగా అర్థం చేసుకుంటాం. ఆ అర్థమే భయాన్ని పుట్టిస్తుంది. భయం ఆ మార్పును ఇంకా పెంచుతుంది. మీ వాచీ సంగతి చూడండి. పల్స్ 96 అని కనబడగానే గుండె గుభేలుమంటుంది, మరుక్షణం అది 110 అవుతుంది, అనుమానం నిజమైందనుకుంటారు. ఈ వారం నుంచే ఆ వాచీ తీసి సొరుగులో పెట్టండి.

లిఫ్ట్, తలుపు పక్క కుర్చీ, నీళ్ల సీసా. అసలు జబ్బు ఇప్పుడు ఇక్కడ ఉందని నేనంటాను. ఎటాక్ కొన్ని నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, మెల్లగా దిగిపోతుంది. దాన్ని తప్పించుకోవడానికి చేసుకున్న ఏర్పాట్లు మాత్రం రోజంతా ఉంటాయి. మెట్లెక్కి పైకి వెళ్లిన ప్రతిసారీ ‘లిఫ్ట్ ఎక్కలేదు కాబట్టి బతికాను’ అని మనసు రాసుకుంటుంది. ఎక్కినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే అవకాశమే దానికి దొరకదు. ఇలా ఒక్కొక్కటీ వదులుకుంటూ పోతే చివరికి ఇల్లు కదలలేని స్థితి వస్తుంది.

కాబట్టి వెనక్కి నడవాలి. మీరు మానేసినవన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదానికి ఎంత భయమో సున్నా నుంచి 10 వరకు మార్కులు వేయండి. మూడో నాలుగో వచ్చినదాంతో మొదలుపెట్టండి. మీకు అది లిఫ్ట్‌లో ఒక్క అంతస్తు కావచ్చు. దడ వస్తుంది, రానివ్వండి. దిగి పారిపోకుండా, భయం దానంతటది తగ్గేదాకా పైకీ కిందికీ తిరగండి. రేపు మళ్లీ అదే చేయండి. బోర్ కొట్టాకే తర్వాతి మెట్టు. నీళ్ల సీసాను ముందు డెస్క్ మీద వదిలి వెళ్లండి, తర్వాత ఇంట్లోనే వదిలేయండి.

ఊపిరి నెమ్మదిగా వదలడం మంచిదే, పీల్చినదానికంటే వదిలేది కాస్త ఎక్కువసేపు ఉండాలి. కానీ ఎటాక్‌ను ఆపడానికి అది ఆయుధం అనుకుంటే అది కూడా మరో నీళ్ల సీసా అవుతుంది. కాగితం సంచిలో ఊపిరి పీల్చమని ఎవరైనా చెబితే వినకండి. గుండె జబ్బో ఉబ్బసమో అయి ఉంటే అది ప్రమాదం.

‘నలుగురిలో స్పృహ తప్పి పడిపోతే?’ అన్న భయం కూడా ఉందని చివర్లో రాశారు. పానిక్‌లో రక్తపోటు సాధారణంగా పెరుగుతుంది. స్పృహ తప్పాలంటే అది పడిపోవాలి. అందుకే తల తిరుగుతున్నా పడిపోవడం అరుదు. రక్తం, సూది చూసి పడిపోయేవారి సంగతి వేరు, వాళ్లలో బీపీ నిజంగానే పడుతుంది.

నేను చెప్పిన పద్ధతిని సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) అంటారు, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స. క్రమం తప్పకుండా చేస్తే సాధారణంగా 10, 12 సిటింగుల్లో బాగా తేడా తెలుస్తుంది. ఒక్క హెచ్చరిక: శ్రమ చేసినప్పుడు వచ్చే ఛాతీ నొప్పి, చేతికో దవడకో పాకే నొప్పి, తగ్గకుండా ఉండిపోయే నొప్పి, నిజంగా స్పృహ తప్పడం, వీటిలో ఏది ఉన్నా, లేదా వచ్చింది మీకు అలవాటైన ఎటాక్‌లా లేదనిపించినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: పానిక్ ఉన్నవాళ్లు కాఫీ పూర్తిగా మానేయాలా?

జవాబు: పానిక్ డిజార్డర్ ఉన్నవారిలో ఎక్కువ మోతాదు కెఫీన్ ఎటాక్ తెప్పించగలదు. కాబట్టి రోజుకు నాలుగైదు కప్పులు తాగేవారు, ఎనర్జీ డ్రింకులు తాగేవారు తగ్గించాలి. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు వస్తాయి, అవి చూసి మళ్లీ భయపడతారు, కాబట్టి మెల్లగా తగ్గించండి. మద్యం గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. తాగిన రాత్రి భయం తగ్గినట్టుంటుంది, దిగాక మర్నాడు రెట్టింపు అవుతుంది.

ప్రశ్న: మా ఆవిడ రాత్రి గాఢ నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, చెమటలు కక్కుతూ, ‘నేను పోతున్నానండీ’ అని నా చెయ్యి పట్టుకుంటుంది. పీడకలా అంటే కాదంటుంది. ‘ఏం కాదు, ధైర్యంగా ఉండు’ అంటే ఇంకా ఏడుస్తుంది. పగలు కూడా నేను లేకుండా బయటికి రావడం లేదు. నేను ఏం చేయాలి?

జవాబు: ఆమె చెప్పేది నిజం, అది కల కాదు. కలలు రాని నిద్రలోంచే ఈ రాత్రి ఎటాక్‌లు వస్తాయి. అయితే నిద్రలో పెద్దగా గురక, మధ్యమధ్య ఊపిరి ఆగడం మీరు గమనిస్తే డాక్టర్‌కు తప్పక చెప్పండి, అది వేరే సమస్య కావచ్చు.

‘ధైర్యంగా ఉండు’ అన్న మాట ప్రేమతోనే అంటారు. వినేవారికి మాత్రం ‘నువ్వు పిరికిదానివి’ అన్నట్టు తగులుతుంది. లైటు వేసి పక్కన కూర్చోండి. తక్కువ మాటలు, నెమ్మదైన గొంతు. ‘ఇది ఇంతకుముందు కూడా వచ్చింది, కాసేపట్లో దిగిపోతుంది, నేను ఇక్కడే ఉన్నాను’ అంటే చాలు. ప్రశ్నల మీద ప్రశ్నలు వేయకండి, అరగంటకోసారి బీపీ మెషిన్ తీయకండి. తగ్గాక కారణం ఆరా తీయడం కూడా వద్దు, తెల్లారాక మాట్లాడుకోవచ్చు.

రెండో విషయం మీకు కష్టంగా ఉంటుంది. మీరు పక్కన ఉంటేనే ఆమె బయటికి రాగలుగుతున్నారంటే, మీరే ఆమెకు మందు అయిపోయారు. ఒక్కసారిగా వదిలేయమని చెప్పను. ముందు ఆమెతో కలిసి ఒక ఒప్పందానికి రండి. మొదటి వారం దుకాణం లోపలికి ఆమె వెళతారు, మీరు గుమ్మం దగ్గర ఉంటారు. తర్వాత వీధి చివర. తర్వాత ఫోన్‌లో అందుబాటులో. ప్రతి మెట్టూ ఆమె ఒప్పుకున్నాకే. మీరు విసుగుతో చేస్తే అది శిక్ష అవుతుంది, ఇద్దరూ కలిసి అనుకుని చేస్తే చికిత్స అవుతుంది. ఆమెను మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లినప్పుడు మీరూ లోపలికి వెళ్లండి, ఈ మెట్లు వాళ్ల సలహాతో వేసుకోండి.

ప్రశ్న: వయసు 52. రెండేళ్లుగా రోజూ రాత్రి ఆందోళన తగ్గించే మాత్ర అల్ప్రాజోలమ్ 0.5 మి.గ్రా. వేసుకుంటున్నాను. ఈమధ్య అది చాలడం లేదు. కొత్త డాక్టర్ ఎసిటలోప్రామ్ రాశారు. నాలుగు రోజులు వేసుకుంటే దడ ఇంకా పెరిగింది, ఆపేశాను. విసుగొచ్చి రెండూ ఒకేసారి మానేద్దామనుకుంటున్నాను.

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. రెండేళ్లు వాడిన అల్ప్రాజోలమ్‌ను ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, వణుకు, విపరీతమైన ఆందోళన వస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. ఈ మాత్ర అప్పటికప్పుడు పనిచేస్తుంది, అందులోనే చిక్కు ఉంది. కొద్ది వారాలకు మించి వాడితే ఒళ్లు దానికి అలవాటుపడి ఇంకొంచెం అడుగుతుంది. మీరు చెడ్డ అలవాటు చేసుకున్నారని నేను అనడం లేదు, ఆ మందు స్వభావమే అంత. డాక్టర్ పర్యవేక్షణలో కొద్దికొద్దిగా, నెలల తరబడి తగ్గించుకుంటూ రావాలి. తగ్గించే వేగం మీ ఒంటిని బట్టి ఉంటుంది. అప్పటిదాకా దానితో మద్యం అసలు వద్దు.

ఎసిటలోప్రామ్ సంగతి వేరు, అది డిప్రెషన్‌కూ ఆందోళనకూ రోజూ వాడే, నెమ్మదిగా పనిచేసే మందు. మొదటి వారం, పది రోజులు దడ, కడుపులో తిప్పడం పెరగడం మామూలే. ఈ మాట చీటీ రాసేటప్పుడే చెప్పాలి. చెప్పకపోవడం వల్లే ఎంతోమంది మీలాగే నాలుగో రోజున ఆపేస్తారు. అందుకే పానిక్ ఉన్నవారికి చాలా తక్కువ మోతాదుతో మొదలుపెడతాం. మేలు కనబడడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, తగ్గాక కూడా దాదాపు ఏడాది కొనసాగించి, అప్పుడు నెమ్మదిగా తగ్గిస్తాం. అదే డాక్టర్ దగ్గరకు మళ్లీ వెళ్లి, నాలుగో రోజున ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పండి. మందు పడలేదని ఆయనను తప్పించుకుని తిరగకండి.

ప్రశ్న: నాకు ఎటాక్‌లు ఏవీ రావు. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏదో ఒక చింత. పిల్లలు ఫోన్ ఎత్తకపోతే యాక్సిడెంట్ అయిందేమో, బాస్ పిలిస్తే ఉద్యోగం పోతుందేమో. మెడ, భుజాలు ఎప్పుడూ పట్టేసే ఉంటాయి. ఇదీ జబ్బేనా, నా స్వభావమేనా?

జవాబు: ఆరు నెలలకు పైగా, చాలా రోజులు, మీరు ఆపుకోలేనంతగా ఇలా ఉండి, నిద్ర, ఏకాగ్రత, ఒళ్లు దెబ్బతింటుంటే దాన్ని జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటాం. చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి స్వభావమే అనుకుని చాలామంది చికిత్సకు రారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఆందోళన జబ్బులతో ఉన్నవారు దాదాపు 30 కోట్ల మంది. మీలో ఏదో లోపం ఉందనుకోవాల్సిన పని లేదు.

ఒక పద్ధతి మొదలుపెట్టి చూడండి. సాయంత్రం ఒక వేళ, ఒక చోటు పెట్టుకోండి. 20 నిమిషాలు చింతలకే. పగలు వచ్చిన ప్రతి ఆలోచననూ ఒక చిన్న పుస్తకంలో ఒక్క వాక్యంగా రాసి ‘సాయంత్రం చూద్దాం’ అని పనిలోకి వెళ్లండి. సాయంత్రం కూర్చుని ఒక్కోదాని పక్కన, నేను చేయగలిగింది ఏమైనా ఉందా, అని రాయండి. ఉంటే అది రేపటి పని. లేకపోతే దాన్ని కొట్టేయకండి, అలాగే వదిలేయండి. పడుకునే ముందు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి. నోటితో చెప్పడానికి మొహమాటపడే సంగతులు అందులో ఉంటాయి.