సోమ్యూర్ గుహల్లో చేరబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

ఫ్రాన్స్‌లోని సోమ్యూర్‌లో బుడగల వైన్ చేసే కంపెనీలో నీకు ఆర్నెల్ల ట్రైనింగ్ దొరికిందని అక్క ఫోన్ చేసింది. గొంతులో సంతోషం సగం, టెన్షన్ సగం. "మనింట్లో ఎవరూ చుక్క ముట్టలేదురా, వీణ్ని తీసుకెళ్లి సీసాల మధ్య పెడుతున్నాం" అంది. నేను 31 ఏళ్లు ఆ సీసాల మధ్యే బతికి రిటైరయ్యానన్న సంగతి మర్చిపోయినట్టుంది! ఆవిడ సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు మాత్రం విమానం ఎక్కేలోపు ఇది రెండుసార్లు చదువు.

ముందుగా, అక్కడ 'షాంపేన్' అనకు. షాంపేన్ అనే ప్రాంతంలో చేసిందే షాంపేన్. పద్ధతి అదే అయినా మనం లువార్ నది వాళ్లం, మనది 'క్రెమాఁ'. 1994 నుంచి 'షాంపేన్ పద్ధతి' అని సీసా మీద రాసుకునే హక్కు కూడా వేరే ప్రాంతాల వాళ్లకి లేదు, 'సంప్రదాయ పద్ధతి' అని రాసుకోవాల్సిందే. 1811లో ఆకర్‌మాన్ అనే బెల్జియం మనిషి ఈ పనిని సోమ్యూర్‌కి తెచ్చాడు. అప్పట్నుంచీ ఊరివాళ్లకి ఇదే గర్వం. నువ్వు మాట జారితే పైకి ఏమీ అనరు కానీ మధ్యాహ్నం భోజనం దగ్గర నీ గురించే చెప్పుకుంటారు. ఇండియా నుంచి వచ్చానని చెప్పావా, పాతవాళ్లు మాల్యా పేరెత్తుతారు. సోమ్యూర్‌లోనే ఉన్న 1851 నాటి బువే-లాద్యుబే వైన్ కంపెనీని ఆయన గ్రూపు 2006లో కొంది, 2015లో పాత కుటుంబమే మళ్లీ తిరిగి కొనుక్కుంది. నవ్వేసి ఊరుకో.

పనిచేసే చోటు 'కావ్'. లువార్ పక్క కోటలు, ఇళ్లు కట్టడానికి కొండల్లోంచి మెత్తటి తెల్లరాయి తవ్వుకుపోగా మిగిలిన సొరంగాలు అవి. ఎండాకాలమైనా, మంచు పడుతున్నా లోపల 12 డిగ్రీలే, గోడ ముట్టుకుంటే చెమ్మ. జులైలో బయట చెమటలు, లోపల వణుకు. కాకినాడలో మంకీ టోపీ కొనుక్కుని రా. సిగ్గుపడకు, రెండో రోజుకి నువ్వే పెట్టుకుంటావు.

ఇక అసలు సంగతి. ఈ పనిలో తప్పు చేసిన రోజు తప్పు కనబడదు. వంటలో ఉప్పెక్కువైతే మధ్యాహ్నానికల్లా తెలిసిపోతుంది. ఇక్కడ అలా కాదు.

గోళీసోడా తెలుసుగా, దాంట్లో గ్యాస్ బయటినుంచి ఎక్కిస్తారు. మన వైన్‌లో అది సీసా లోపలే పుడుతుంది. మామూలుగా తయారైన వైన్‌లో కొంచెం పంచదార, దాన్ని పులియబెట్టే ఈస్ట్ కొంచెం కలిపి సీసాలో పోసి మూత బిగిస్తారు. దీన్ని 'తిరాజ్' అంటారు. కల్లు కుండలో పొంగి బుడగలన్నీ గాల్లోకి పోతాయి చూడు, ఇక్కడ ఆ పొంగుని పోనివ్వకుండా బంధిస్తారన్నమాట. లీటరుకి 4 గ్రాముల పంచదార దాదాపు ఒక బార్ ఒత్తిడి పుట్టిస్తుంది. 24 గ్రాములు వేస్తే ఆరు బార్లు, అంటే కారు టైరులో ఉండేదానికి రెండింతల పైనే. కాబట్టి తూకం దగ్గర ఉజ్జాయింపు లేదు. పంచదార కాస్త తగ్గితే చప్పటి వైన్, ఎక్కువైతే సీసాలు పేలతాయి. వెనకటి రోజుల్లో గుహల్లో పనివాళ్లు మొహానికి ఇనప ముసుగు వేసుకుని తిరిగేవాళ్లు. ఇప్పటికీ కళ్లద్దాలు లేకుండా సీసాల వరసల్లోకి అడుగు పెట్టకు.

నా బుద్ధితక్కువ పని ఒకటి చెబుతాను. అక్కకి తెలియదు, చెప్పకు. చేరిన రెండో ఏడు, తిరాజ్ రోజు. ట్యాంకులో ఈస్ట్ అడుక్కి పోకుండా ఒక మోటారు నింపుతున్నంతసేపూ కలుపుతూనే ఉండాలి. నాకు ఫోన్ వస్తే చప్పుడుకి వినబడక మోటారు ఆపాను. మాట్లాడి వచ్చాను, ఆన్ చెయ్యడం మర్చిపోయాను. సీసాలు చక్కగా నిండాయి, మూతలు పడ్డాయి, అందరం ఇంటికెళ్లాం. తొమ్మిది నెలల తర్వాత మా కావ్ పెద్దాయన ఒక సీసా తెచ్చి నా ఎదురుగా మూత తీశాడు. 'టప్' అనలేదు. సగం దూరంలో ఉన్న మరో పేర్పులోంచి ఇంకోటి తెచ్చాడు. అందులో ఈస్ట్ ఎక్కువై, అడుసు గాజుకి బంకలా అంటుకుని ఉంది. ఆ రోజు నేనేం చేశానో నాకసలు గుర్తేలేదు. ఆయన మాత్రం తన పుస్తకం తెరిచి, ఏ ట్యాంకు, ఎన్ని గంటలకి, మోటారు దగ్గర ఎవరు, అన్నీ చదివాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అందుకని రోజూ సాయంత్రం రాసుకో. ఏ ట్యాంకు, ఎన్ని డిగ్రీలు, ఎవరితో పనిచేశావు, ఏం తేడాగా అనిపించింది. తెలుగులోనే రాసుకో, ఎవరూ చదవరు.

కనీసం తొమ్మిది నెలలు పడుకున్నాక సీసాలకి 'రెమ్యువాజ్' మొదలవుతుంది. చచ్చిన ఈస్ట్‌ని మూతి దగ్గరికి దింపే పని. ఇప్పుడు చాలావరకు మిషన్లే వారంలో చేసేస్తాయి. కానీ పాత చెక్క చట్రాలు, 'ప్యూపిత్ర్' అంటారు, ఒకటో రెండో మూలన ఉంటాయి. వాటి మీద చెయ్యి పెట్టనిమ్మని అడుగు. రెండు చేతుల్తో రెండు సీసాల అడుగులు పట్టుకుని, చిన్నగా ఒక్క కుదుపుతో ఎనిమిదో వంతు తిప్పి, కాస్త నిలబెట్టి వదలాలి. ఎక్కడిదాకా తిప్పామో తెలియడానికి అడుగున తెల్ల పెయింటు గీత ఉంటుంది. నెలన్నర ఇలా తిప్పితే సీసా తలకిందులుగా నిలబడుతుంది. గట్టిగా ఊపితే దిగిన అడుసంతా లేచి, చేసిందంతా గంగపాలు. మొదటి రోజు మణికట్లు పీకుతాయి, కొబ్బరినూనె రాసుకో.

తర్వాత మూతిని మైనస్ 25 డిగ్రీల ఉప్పు ద్రావణంలో ముంచుతారు, అడుసు గడ్డకడుతుంది, మూత తీయగానే ఆ గడ్డ ఎగిరిపోతుంది. పోయిన మేరకి తీపి కలిపిన వైన్ నింపి, బిరడా కొట్టి, తీగ చుడతారు. ఇది లైన్ మీద చకచకా జరిగిపోతుంది, చెప్పడానికేం లేదు. వేళ్లు జాగ్రత్త.

ద్రాక్షకోతలప్పుడు మాత్రం ట్యాంకుల గదిలోకి ఒంటరిగా వెళ్లకు. పులుస్తున్న రసంలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ బరువు, కిందే పేరుకుంటుంది, వాసన ఉండదు. గ్యాస్ మీటర్ మోగితే ఏ వస్తువూ తీసుకోకుండా బయటికి పరుగెత్తు. పడిపోయినవాణ్ని లాగడానికి కూడా ఒక్కడివే దూకకు, కేక పెట్టు. ఇది నవ్వులాట కాదు.

రుచి చూడాల్సి వస్తే ఆ ఉదయం ఆవకాయ, కాఫీ, సెంటు మూడూ వద్దు. నోట్లో పెట్టుకుని తిప్పి ఉమ్మెయ్యాలి. అక్కడ ఉమ్మెయ్యడం తప్పు కాదు, మింగేవాణ్ని చూసే నవ్వుతారు. ఇదే మాట అక్కకి చెప్పు, సగం టెన్షన్ తగ్గుతుంది.

పొద్దున్నే ప్రతి మనిషికీ విడివిడిగా 'బోఁజూర్' చెప్పు. తలుపు దగ్గర ఒకసారి అందరికీ కలిపి అనేస్తే కుదరదు. 'మీరు' అనడానికి వాళ్లకి 'వూ' ఉంది. నువ్వు అనొచ్చని పెద్దవాళ్లే చెప్పేదాకా అదే వాడు. యానాంలో తాతయ్య మమ్మల్ని ఈ ఒక్క మాటకే నాలుగు తన్ని నేర్పించాడు.

పారిస్‌లో దిగాక మోఁపర్నాస్ స్టేషన్ నుంచి ఆంజే రైలెక్కు, అక్కడ మారాలి. సోమ్యూర్ స్టేషన్‌కి నేనొస్తాను. కాజాలు అక్క ఎలాగూ సర్దుతుంది. నువ్వు మాత్రం మన కిరాణా కొట్లలో ఉండే ఎర్ర గుడ్డ అట్ట పొడుగు పుస్తకాలు రెండు పట్టుకురా. ఒకటి నీకు. రెండోది మా పెద్దాయనకి, ఆయనకిప్పుడు 84, ఇంకా రోజూ రాస్తున్నాడు.

మీ మావయ్య