డేగపిల్ల కాలికి అతుకులేని వలయం

ప్రశ్న: దుబాయిలో పనిచేస్తున్న మా అబ్బాయి అక్కడి పెంపుడు డేగల కాలికి అతుకులేని లోహపు వలయం చూశానని చెప్పాడు. అతుకు లేనిది కాలికి ఎలా ఎక్కింది?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, ఎదిగిన డేగకు ఆ వలయం ఎక్కదు; దాని విలువంతా అందులోనే ఉంది. పెంపకంలో పుట్టిన బైరి డేగ పిల్లకు సుమారు పది రోజుల వయసులో ముందరి మూడు వేళ్లను కలిపి వలయంలో దూర్చి, వెనకవేలిని కాలి వెంబడి పైకి ఆనించి, వలయాన్ని దాని మీదుగా జరిపాక ఆ వేలిని మెల్లగా బయటికి తీస్తారు. తొందరపడితే వలయం జారిపోతుంది, ఆలస్యమైతే అసలు పట్టదు. ఆడడేగ మగదానికంటే బాగా పెద్దదవుతుంది కనుక కొలత విషయంలో పొరపడితే ఎదిగిన కాలు నలిగిపోతుంది. ఈ ఒక్క పనిలో అజాగ్రత్త నాకు క్షమించరానిదిగా తోస్తుంది.

వలయంపై ఉన్న సంఖ్య, ఆ పక్షి అడవి గూటి నుంచి దొంగిలించినది కాదనడానికి ముఖ్యమైన ఆధారం. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో బైరి డేగ అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో, అంటే మొదటి జాబితాలో ఉంది.

పెంపకం మాట వచ్చింది కనుక చెబుతున్నాను: డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి అమెరికాలో ఈ జాతి అంతరించబోతున్నప్పుడు, కార్నెల్ విశ్వవిద్యాలయంలో పక్షి శాస్త్రవేత్త టామ్ కేడ్ 1970లో పెంపకానికి పూనుకున్నారు. మొదటి ఈత గుడ్లను తీసి యంత్రంలో పొదిగిస్తే తల్లి మళ్లీ పెడుతుంది. పిల్లలు మనిషినే తల్లిగా భావించకుండా, డేగ తలను పోలిన చేతిబొమ్మతో మేత అందించేవారు. 1999లో ఆ దేశం ఈ పక్షిని ఆపదలోని జాతుల జాబితా నుంచి తొలగించింది.